ప్రైవేటుగా కొన్న పాత బోటుకి సేల్స్ ట్యాక్స్ కట్టాలా? (డాలస్)

కొత్త_సరంగు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేముండేది లిటిల్ ఎల్మ్, లేక్ లూయిస్‌విల్ పక్కనే. మూడేళ్లుగా గట్టు మీద కూర్చుని మిర్చి బజ్జీలు తింటూ ఎదుటివాళ్ల బోట్లు చూడటమే సరిపోయింది. పిల్లల పోరు పడలేక ఈ రోజు మేమూ ఒకటి కొనేశాం. 2012 పాంటూన్ (గొట్టాల్లాంటి తేలే తొట్ల మీద చదునైన డెక్ ఉండే బోటు), 20 అడుగులు, 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, ట్రైలర్‌తో కలిపి 16,000 డాలర్లు. అమ్మినాయన రిటైరైన పెద్దమనిషి. ఇంటి ముందు బోర్డు పెట్టి అమ్ముకున్నాడు, డీలర్ కాదు.

బోటు తెచ్చి డ్రైవ్‌వేలో పెట్టానో లేదో పక్కింటాయన వచ్చి "ట్యాక్స్ వెయ్యి దాకా అవుతుంది, డబ్బు ఉంచుకున్నావా?" అన్నాడు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. షాపులో కొంటే ట్యాక్స్ అంటే అర్థం ఉంది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య సేల్స్ ట్యాక్స్ ఏంటి? ఆయన కొత్తది కొన్నప్పుడు ఒకసారి కట్టే ఉంటాడు కదా. మొన్న ఎవరి దగ్గరో పాత సోఫా కొంటే ఎవరూ అడగలేదే!

ఇంకోటి. ఒక ఫ్రెండు "బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం రశీదు) మీద మూడు వేలని రాయించుకో, అయిపోతుంది" అంటున్నాడు. బిల్లు ఇంకా రాయలేదు. రేపు మధ్యాహ్నం కాగితాల కోసం మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాలి. ఈలోపు ఎవరైనా చెప్పండి.

గోదారోడు · శనివారం రాత్రి 9:52

కంగ్రాట్స్ సరంగు గారూ! ట్యాక్స్ సంగతి పెద్దలు చెప్తారు గానీ, పూజ ఎప్పుడు? నిమ్మకాయలు ఎక్కడ పెట్టి తొక్కిస్తారు? బోటుకి చక్రాలుండవు కదా.

ఫ్రిస్కో_బాబాయ్ · శనివారం రాత్రి 10:31

కట్టాలి బాబూ. నేను ఇప్పటికి రెండు బోట్లు కొన్నాను, ఒకటి అమ్మాను, మూడుసార్లూ ఆ కౌంటర్ ముందు నిలబడ్డాను కాబట్టి చెప్తున్నా.

టెక్సస్‌లో బోట్లకీ, ఔట్‌బోర్డ్ మోటార్లకీ విడిగా ఒక చట్టం ఉంది. సోఫా వేరు, బోటు వేరు. డీలర్ దగ్గర కొన్నా, పక్కింటాయన దగ్గర కొన్నా 6.25 శాతమే. డీలరైతే నీ దగ్గర వసూలు చేసి తనే కడతాడు. ప్రైవేటు అమ్మకంలో ఆ పని చేసేవాడు ఉండడు కనక టైటిల్ (బోటు ఎవరిదో చెప్పే కాగితం) నీ పేరుకి మార్చుకునేటప్పుడు నువ్వే కట్టాలి. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (బోట్ల రికార్డులు చూసే రాష్ట్ర శాఖ) ఆఫీసులో కట్టొచ్చు, లేదంటే బోట్ల పని చూసే కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. అన్ని కౌంటీ ఆఫీసులూ బోట్లు చూడవు. ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లు, లేకపోతే ఒక సెలవు వృథా.

గడువు కొన్న రోజు నుంచి 45 పని దినాలు. శని, ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి రెండు నెలల పైనే ఉంటుంది, కంగారు పడకు. గడువు దాటితే మొదటి 30 రోజుల్లో 5 శాతం పెనాల్టీ, ఆ తర్వాత 10 శాతం. బోటు ధర మీద కాదు, కట్టాల్సిన ట్యాక్స్ మీద.

కొత్తవాళ్లు తికమకపడేది ఒకచోట ఉంది. నీకు అది ఒక బోటులా కనిపిస్తుంది గానీ కాగితాల్లో మూడు వస్తువులు. బోటుకి ఒక టైటిల్. ఔట్‌బోర్డ్ మోటారుకి ఇంకో టైటిల్. ట్రైలరు కారు జాతిది, దాని పని వేరే. బోటుకి పీడబ్ల్యూడీ 143 ఫారం, మోటారుకి పీడబ్ల్యూడీ 144. ట్రైలర్‌కి కౌంటీలో 130-యు ఫారం, దానికి గడువు 30 రోజులే. అందుకని బిల్లులో మూడింటి ధరలూ విడివిడిగా రాయించుకో. మూడింటికీ రేటు 6.25 శాతమే కాబట్టి విడగొడితే మిగిలేదేం లేదు. కాకపోతే ఏ కౌంటర్‌లో ఎంత కట్టాలో క్లర్కుకి తెలియాలి.

నీ లెక్క ఇలా ఉంటుంది అనుకో: బోటు 9,000, మోటారు 5,000, ట్రైలర్ 2,000. బోటు, మోటారు కలిపి 14,000 మీద 875 డాలర్లు. ట్రైలర్ మీద 125. సరిగ్గా వెయ్యి. మీ పక్కింటాయన తెలిసినవాడే. పైన ఫీజులుంటాయి. 16 నుంచి 26 అడుగుల లోపు బోటుకి రెండేళ్ల రిజిస్ట్రేషన్ 53 డాలర్లు, ఒక్కో టైటిల్‌కి 27.

ఇంతకీ మోటారు టైటిల్ చూశావా?

కొత్త_సరంగు · శనివారం రాత్రి 10:38

మోటారుకి టైటిలా?? ఆయన చూపించింది ఒకటే కాగితం బాబాయ్. డబ్బులు జెల్‌లో (బ్యాంకు నుంచి నేరుగా పంపే యాప్) పంపేశాను. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

ఎందుకొచ్చిన_గొడవ · శనివారం రాత్రి 10:55

బ్రో, మీ ఫ్రెండు చెప్పిందే రైటు. మూడు వేలు రాయించుకో. ఇక్కడ అందరూ చేసేదే. క్లర్కుకి ఏం తెలుస్తుంది? "ఇంజిన్ పాడైంది, అందుకే చవక" అంటే అయిపోయె. ఎనిమిది వందలు ఆదా, దాంతో పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు వస్తాయి.

కాగితాల_పురుగు · శనివారం రాత్రి 11:20

పై సలహా దయచేసి వినొద్దు. నేను చేసేది ట్యాక్స్ పనే, అందుకని కాస్త గట్టిగా చెప్తున్నాను.

ఆ ఫారం మీద ధర వేసి, ఇది నిజమని మీరిద్దరూ సంతకం పెడతారు. తప్పు అంకె వేస్తే అది ఆలస్యం పెనాల్టీ లాంటి చిన్న విషయం కాదు, ప్రభుత్వ కాగితం మీద తెలిసి అబద్ధం చెప్పడం. మనలో సగం మంది హెచ్1 మీదో, గ్రీన్ కార్డ్ క్యూలోనో ఉన్నాం. ఎనిమిది వందల కోసం అలాంటి సంతకం పెట్టాలా? పైగా జెల్‌లో 16,000 పంపానని మీరే అంటున్నారు. బ్యాంకులో ఒక అంకె, బిల్లులో ఇంకో అంకె.

గోదారోడు · శనివారం రాత్రి 11:24

అంటే క్యాష్ ఇచ్చి ఉంటే పర్లేదా అండీ? 😀

కాగితాల_పురుగు · శనివారం రాత్రి 11:26

క్యాష్ ఇచ్చినా అబద్ధం అబద్ధమేనండీ.

ఫ్రిస్కో_బాబాయ్ · శనివారం రాత్రి 11:41

నా మొదటి బోటుకి నేనూ ఆ తెలివే చూపించాను. ఏ సంవత్సరమో చెప్పను. తక్కువ రాయించి రెండొందలో ఎంతో మిగుల్చుకున్నా. తర్వాత వడగళ్ల వానకి బోటు పైకప్పు, సీట్లు పోయాయి. ఇన్సూరెన్స్ వాళ్లు "ఎంతకి కొన్నారు, కాగితం చూపండి" అన్నారు. నా చేతిలో ఉన్నది ఆ దొంగ బిల్లే. నిజంగా ఇంతకి కొన్నానని చెప్తే అప్పుడు అబద్ధం ఆడానని ఒప్పుకున్నట్టు. నోరు మూసుకుని వాళ్లిచ్చింది తీసుకున్నా. మీ పిన్ని ఇప్పటికీ వడగళ్లు పడినప్పుడల్లా గుర్తు చేస్తుంది.

రెడ్‌మండ్_పిన్ని · శనివారం అర్ధరాత్రి దాటాక 12:15

మా వాషింగ్టన్‌లో ఆ తెలివి అసలు పనిచేయదు. ఇక్కడ దాన్ని యూజ్ ట్యాక్స్ (వాడకం మీద పన్ను) అంటారు, మార్కెట్ విలువ మీద లెక్కేస్తారు. మరీ తక్కువ రాస్తే కౌంటర్‌లో ప్రశ్నలు మొదలవుతాయి.

మావారి కథ వినండి. ఒరెగాన్‌లో సేల్స్ ట్యాక్స్ లేదని, మూడు గంటలు డ్రైవ్ చేసి పోర్ట్‌లాండ్ వెళ్లి 20,000 పెట్టి బోటు కొనుక్కొచ్చారు. దారంతా "చూశావా, రెండు వేలు మిగిల్చాను" అని ఒకటే పాట. ఇంటికొచ్చి రిజిస్ట్రేషన్‌కి వెళ్తే, మేముండే ఊరి రేటు ప్రకారం పది శాతం పైనే వేశారు. బోటు ఎక్కడ కొన్నామని కాదు, ఎక్కడ వాడతామని చూస్తారు. పెట్రోలు ఖర్చు అదనం. దీని పైన 16 అడుగులు, అంతకు మించిన బోట్లకి ఏటా విలువలో అర శాతం ఎక్సైజ్ ట్యాక్స్ కూడా ఉంది మాకు. టెక్సస్ వాళ్లు ఒకసారి కట్టి ఊరుకుంటారు, అదృష్టవంతులు.

లేనియర్_గట్టు · ఆదివారం ఉదయం 7:50

జార్జియా నుంచి నమస్తే. లేక్ లేనియర్‌లో ఉంది నా బోటు. మా దగ్గర ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే సేల్స్ ట్యాక్స్ లేదు. అసలు బోటుకి టైటిలే ఉండదు, బిల్ ఆఫ్ సేల్, రిజిస్ట్రేషన్ అంతే. అసూయ పడకండి, ఏటా కౌంటీకి ఆస్తి పన్ను కడతాం. ఏప్రిల్ 1 లోపు బోటు ఉందని మనమే రిటర్న్ వేసి చెప్పుకోవాలి.

ఎందుకొచ్చిన_గొడవ · ఆదివారం ఉదయం 8:05

అయితే సింపుల్! అట్లాంటాలో ఫ్రెండు పేరు మీదో, అడ్రస్ మీదో రిజిస్టర్ చేయించి డాలస్‌లో తిప్పుకుంటే?

లేనియర్_గట్టు · ఆదివారం ఉదయం 8:30

అన్నా, ఏ రాష్ట్రం నీళ్లలో ఎక్కువగా తిరుగుతుందో ఆ రాష్ట్రం రిజిస్ట్రేషన్ నంబరే ఉండాలి. టెక్సస్‌లో బయటి నంబరు 90 రోజుల వరకే చెల్లుతుంది. ఫ్రెండు పేరు మీద పెడితే రేపు ఆ ఫ్రెండుతో చెడితే బోటు ఎవరిది?

ఒక మంచి సంగతి మాత్రం ఉంది. మా కొలీగ్ ఇక్కడ తన పేరు మీద రిజిస్టరై ఉన్న బోటుతో ప్లేనోకి మారాడు. కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకి అక్కడ 6.25 శాతం కాదు, 15 డాలర్ల కొత్త నివాసి ట్యాక్స్ అంతే. అది నిజంగా మారినవాళ్లకి. మీరు అట్లాంటా వచ్చి బోటు కొనుక్కుని వెళ్తే మాత్రం మామూలు ట్యాక్సే.

నోవై_చలి · ఆదివారం ఉదయం 9:10

మిషిగన్‌లో 6 శాతం. కొన్న ధర, మార్కెట్ విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. పేరు మార్చుకోవడానికి 15 రోజులే.

ఇక్కడ నాకు జరిగిన తమాషా చెప్తాను. అన్నదమ్ముల మధ్య, తల్లిదండ్రులు పిల్లల మధ్య అమ్మకమైతే ట్యాక్స్ మినహాయింపు ఉంది. నేను మా అన్నయ్య దగ్గర బోటు కొన్నాను. కౌంటర్‌లో గర్వంగా "బ్రదర్" అన్నాను. ఆవిడ రెండు ఇంటిపేర్లూ ఒకటే అని చూసి సంతోషించి, తర్వాత "ఒకే తల్లిదండ్రులా?" అంది. కాదు, పెదనాన్న గారబ్బాయి! నా జీవితంలో ఆయన్ని అన్నయ్య తప్ప వేరేలా పిలవలేదు. "అయితే కజిన్" అని తేల్చేసింది. కజిన్‌కి మినహాయింపు లేదు. తెలుగులో అన్నయ్యే అని ఎంత చెప్పినా వినలేదు. పూర్తి ట్యాక్స్ కట్టి బయటికొచ్చి ఆయనకి ఫోన్ చేసి "ఇవాళ నుంచి నువ్వు నాకు కజిన్‌వి" అన్నా.

గోదారోడు · ఆదివారం ఉదయం 9:14

😂😂 ఈ థ్రెడ్‌లో ఇదే బెస్టు.

కాగితాల_పురుగు · ఆదివారం ఉదయం 9:40

కాలిఫోర్నియాలో సొంత అన్నదమ్ములకి కూడా ఉండదు, ఇద్దరూ 18 ఏళ్ల లోపు వాళ్లయితే తప్ప. ఆ వయసులో ఒకళ్ల బోటు ఒకళ్లు కొనుక్కునే అన్నదమ్ములు ఎవరో నాకు తెలియదు. తల్లిదండ్రులు, తాత నాయనమ్మలు, పిల్లలు, భార్యాభర్తలకైతే ఉంది.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్ · ఆదివారం ఉదయం 10:02

న్యూజెర్సీలో బోట్లకి సగం రేటే. 6.625కి బదులు 3.3125 శాతం. 2016 నుంచి ఉంది. ఒక బోటు మీద మొత్తం ట్యాక్స్ 20,000 డాలర్లు మించకూడదు. పెద్ద పెద్ద యాట్‌ల వాళ్లు వేరే రాష్ట్రాలకి పోకుండా ఇచ్చిన తాయిలం అది. మన 14,000 బోటుకైతే 463 డాలర్ల 75 సెంట్లు. ఈ ఒక్క విషయంలో మాది చవక, మిగతావన్నీ అడగొద్దు.

ఫ్రిస్కో_బాబాయ్ · ఆదివారం ఉదయం 10:20

టెక్సస్‌లోనూ అలాంటి పరిమితి ఉంది, 2019 సెప్టెంబరు నుంచి 18,750 డాలర్లు. అంటే మూడు లక్షల బోటు దాటాక ఎంత ఖరీదైనదైనా ట్యాక్స్ అంతే. మన పాంటూన్ల దాకా రాదులే.

కాకినాడ_హార్బర్ · ఆదివారం రాత్రి 11:05

నేను ఇండియా నుంచి. ఇక్కడ అయితే జీఎస్టీ వ్యాపారం చేసేవాడికే వర్తిస్తుంది. నేను నా పాత కారు పక్కింటాయనకి అమ్మితే జీఎస్టీ లేదు. పాత కార్లు కొని అమ్మే వ్యాపారి అయితే 2025 జనవరి నుంచి 18 శాతం, అది కూడా తనకి మిగిలిన లాభం మీదే, మొత్తం ధర మీద కాదు. మీ దగ్గర అదే బోటు ఐదు చేతులు మారితే ఐదు సార్లు పూర్తి ధర మీద ట్యాక్సా? ఇదేం న్యాయం?

కాగితాల_పురుగు · సోమవారం ఉదయం 7:30

మంచి ప్రశ్న. సరంగు గారు మొదట అడిగింది కూడా ఇదే. ఇక్కడ ట్యాక్స్ పడేది బోటు మీద కాదు, కొనుగోలు మీద. మొదటాయన తన కొనుగోలుకి కట్టాడు, మీరు మీ కొనుగోలుకి కడతారు. పాత కార్లదీ ఇదే తీరు. మరి సోఫాకి ఎందుకు లేదంటే, సోఫాకి టైటిల్ లేదు, మీ పేరు మీద రాయించుకోవడానికి ఏ ఆఫీసుకీ వెళ్లరు. ప్రభుత్వానికి మీరు చిక్కేది రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే. అందుకే చాలా రాష్ట్రాలు ప్రైవేటు అమ్మకాలన్నీ వదిలేసి కార్లు, బోట్లు, విమానాలు మాత్రం పట్టుకుంటాయి. న్యాయమా అంటే నేనూ ఔననలేను. పట్టుకోవడం సులువు, అంతే.

ఎందుకొచ్చిన_గొడవ · సోమవారం ఉదయం 7:41

అంటే దొరికినవాడి దగ్గర లాక్కోవడం. అదే నేనూ అన్నది.

కాగితాల_పురుగు · సోమవారం ఉదయం 7:58

ఆ మాట వరకు మీతో ఏకీభవిస్తాను. 🙂

కట్టిన 875 రశీదు మాత్రం పారేయకండి. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా, ఫెడరల్ రిటర్న్‌లో ఐటమైజ్ చేసేవాళ్లు (ఖర్చులు విడివిడిగా చూపించి తగ్గింపు తీసుకునేవాళ్లు) దాని బదులు సేల్స్ ట్యాక్స్ చూపించుకోవచ్చు. ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ఇచ్చే టేబుల్ అంకెకి అదనంగా కారు, బోటు లాంటివాటి మీద కట్టింది కలుపుకోవచ్చు. టెక్సస్ బోటు రేటు, మామూలు రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ రేటు ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితి 2025కి 10,000 నుంచి 40,000కి పెరిగింది, ఆదాయం ఐదు లక్షలు దాటితే తగ్గుతూ వస్తుంది. డాలస్ ఇంటి పన్ను, ఇంటి అప్పు వడ్డీ, ఇది కలిపితే జంటకి 2025కి ఉన్న 31,500 స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కలు చూపకుండానే వచ్చే స్థిర తగ్గింపు) దాటుతుందేమో ఒకసారి లెక్క చూసుకోండి. దాటకపోతే ఈ పేరా మర్చిపోండి.

కొత్త_సరంగు · సోమవారం రాత్రి 9:15

అప్‌డేట్. నిన్న ఆయన దగ్గరికి వెళ్లాను. బిల్లులో 9,000, 5,000, 2,000 అని మూడూ నిజం అంకెలే రాయించుకున్నా. బాబాయ్ వడగళ్ల మాట పనిచేసింది.

మోటారు టైటిల్ మాత్రం లేదు. బాబాయ్ నాకు విడిగా మెసేజ్‌లో చెప్పినట్టు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లో మోటారు సీరియల్ నంబరు కొట్టి ఓనరు ఎవరో చూశాను. ఆయన పేరు కాదు! అసలు ఇంజిన్ పాడైతే ఆరేళ్ల కిందట బావమరిది దగ్గర ఈ మోటారు కొని బిగించాడట. టైటిల్ మార్చుకోవాలని తెలియదట. ఆరేళ్లుగా బావమరిది పేరు మీదే ఉంది.

ఫ్రిస్కో_బాబాయ్ · సోమవారం రాత్రి 9:33

నేను భయపడింది ఇదే. ఆ బావమరిది ఉన్నాడా? ఎక్కడ ఉంటాడు? మాటలున్నాయా వాళ్లకి? సంతకం పెట్టాల్సింది రికార్డులో ఉన్నవాడే. అలాగే ఆ సైట్‌లో మోటారు మీద అప్పు ఏమైనా చూపిస్తోందేమో చూడు. ఉంటే అది తీరిన కాగితం కూడా కావాలి.

బోటు కొనేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డబ్బు ఇవ్వకముందే బోటు నంబరు, మోటారు నంబరు రెండూ కొట్టి చూసుకోండి. ఐదు నిమిషాల పని. కాగితం మీద ఉన్న నంబరు, మోటారు మీద ఉన్న నంబరు ఒకటేనా అని వంగి మరీ చూడండి.

కొత్త_సరంగు · సోమవారం రాత్రి 9:50

ఉన్నాడు బాబాయ్, వేకోలో. అప్పు ఏం లేదు. మాటలు మాత్రం లేవట, ఏదో పొలం గొడవ. అమెరికాలో కూడా బావమరుదుల మధ్య పొలం గొడవే!

గోదారోడు · సోమవారం రాత్రి 9:53

అన్ని దేశాల్లో పొలాలుంటాయి, బావమరుదులుంటారు.

కొత్త_సరంగు · ఐదు వారాల తర్వాత, శుక్రవారం సాయంత్రం 6:20

ఆలస్యానికి సారీ. పని అయింది.

అమ్మినాయన భార్య మధ్యలో పడి తమ్ముడితో మాట్లాడింది. ఆయన దగ్గరా టైటిల్ పోయింది. డూప్లికేట్‌కి అప్లై చేసి, అది వచ్చాక సంతకం పెట్టి పంపాడు. కౌంటర్‌లో నేరుగా నా పేరుకి రాస్తారనుకున్నా. కుదరదు, ముందు అమ్మినాయన పేరుకి మారాలి అన్నారు. ఆరేళ్ల కిందట ఎగ్గొట్టిన ట్యాక్స్, దాని మీద పెనాల్టీ, టైటిల్ ఫీజు అన్నీ ఆయనే కట్టాడు. పాపం, గొణగలేదు కూడా. "నాకు తెలియక" అని మూడుసార్లు అన్నాడు. బయటికొచ్చాక ఆయనకి కాఫీ ఇప్పించాను. ట్యాక్స్ మీద ట్యాక్స్ అని మొదట్లో నేనే ఎగిరాను గానీ, ఆయన ముందు ఆ మాట అనబుద్ధి కాలేదు.

నాది: ట్యాక్స్ 875, రిజిస్ట్రేషన్ 53, రెండు టైటిళ్లు 54. మొత్తం 982. గడువు లోపలే. స్టిక్కర్లు వచ్చాయి. పాప ఒకటి అడ్డంగా అంటించింది, అలాగే ఉంచేశాం.

ఫ్రిస్కో_బాబాయ్ · శుక్రవారం సాయంత్రం 6:45

శభాష్. ఇంక తిప్పుకో హాయిగా.

గోదారోడు · శుక్రవారం సాయంత్రం 6:48

సరంగు గారూ, నా ప్రశ్నకి జవాబు రాలేదు. నిమ్మకాయలు?

కొత్త_సరంగు · శుక్రవారం సాయంత్రం 7:02

ట్రైలర్ చక్రాల కింద పెట్టి తొక్కించాం 😀 కొబ్బరికాయ డ్రైవ్‌వే మీద కొట్టాం.

కాగితాల_పురుగు · శుక్రవారం సాయంత్రం 7:10

ఆ ట్రైలర్ ట్యాక్స్ 125 కట్టారా? దానికి 30 రోజులే గడువు.

కొత్త_సరంగు · శుక్రవారం సాయంత్రం 7:31

…సోమవారం పొద్దున్నే వెళ్తాను.